తెల్లగుడ్డ బేరం

ఫహాహీల్ బజారులో బట్టల దుకాణంలో పనిచేసిన కాలంలో నేను రోజూ చాలాసార్లు చచ్చేవాణ్ణి. గిరాకీ ధర తగ్గించమంటే చాలు, కళ్ళు పైకెత్తి, గుండె మీద చెయ్యి వేసుకుని, "ఈ ధరకిస్తే నేను చచ్చినట్టే" అని వచ్చీరాని అరబ్బీలో మూలిగేవాణ్ణి. మరుక్షణం నవ్వుతూ గుడ్డ తాను విప్పి కొలిచేవాణ్ణి. నేను చావనని గిరాకీకి తెలుసు. గిరాకీకి తెలుసన్న సంగతి నాకు తెలుసు. బజారంటేనే ఆ సరదా.

మాది దుకాణాల వంశం. గోదావరి పక్క మా ఊరి బజారులో మా నాన్నది బట్టల కొట్టు, పెదనాన్నది కిరాణా, మేనమామది ఇత్తడి సామాను. నాకు మాటలకన్నా ముందు బేరం వచ్చిందని మా అమ్మ అనేది. నా పెళ్ళికి ముహూర్తం తెల్లవారుజామున పెట్టారని పురోహితుడితో వాదించి, నిద్ర చాలినంత దాకా జరిపించుకున్నవాణ్ణి నేను. డెబ్బైల చివర కువైట్ వచ్చినప్పుడు నాతో తెచ్చుకున్న చదువు ఏమీ లేదు. ఈ నోరు ఒక్కటే తెచ్చుకున్నాను. దాన్ని చూసే దుకాణం యజమాని నన్ను పెట్టుకున్నాడు.

రెండు మూడేళ్ళకి నా ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, మళ్ళీ రాయించుకోవాల్సి వచ్చింది. దానికి ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. తీశారు. కొన్నాళ్ళకి మళ్ళీ రమ్మన్నారు. కిటికీ వెనక గుమాస్తా నా ముఖం చూడకుండానే చెప్పాడు: కుడివైపు ఊపిరితిత్తి మీద మచ్చ ఉంది, పెద్ద డాక్టరు చూడాలి, ఆయన సెలవు నుంచి వచ్చేదాకా ఆగాలి. చూశాక ఉండొచ్చని ముద్ర వేస్తే ఉంటావు, పొమ్మని ముద్ర వేస్తే మీ దేశం పంపించేస్తారు.

దేశం పంపించేయడం గురించి కాదు నా భయం. మా తాత ఛాతీ జబ్బుతోనే పోయాడు. వసారాలో మంచం మీద ఆయన దగ్గిన దగ్గు, పక్కన ఉమ్మడానికి బూడిద పోసి పెట్టిన మట్టి మూకుడు, మమ్మల్ని అటు వెళ్ళొద్దని అమ్మ వేసిన కేకలు, అన్నీ ఆ కిటికీ ముందు నిలబడగానే గుర్తొచ్చాయి. గుమాస్తా 'మచ్చ' అన్నాడు. నేను 'మూకుడు' అని విన్నాను.

అబూ హలీఫాలో నా గదిలో నాతో ఉండేది రాయచోటి నుంచి వచ్చిన ముస్లిం డ్రైవరు. వఫ్రా తోటల నుంచి మార్కెట్టుకి టమాటాలు, దోసకాయలు తోలేవాడు. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. నేను అతన్ని భాయ్ అనేవాణ్ణి, అతను నన్ను సేటు అనేవాడు. నాకున్న సేటుతనమంతా ఆ పిలుపులోనే ఉండేది. ఆ రోజు నన్ను తన లారీలోనే తీసుకెళ్ళి, బయట ఎండలో నిలబడ్డాడు.

"ఏమన్యారు?"

"మచ్చ ఉందంట భాయ్."

"యాడ?"

"ఊపిరితిత్తి మీద."

"మచ్చే గదప్పా! నా లారీకి ఎన్ని మచ్చలుండాయో సూడు. తిరుగుతాండాదా లేదా? ఎక్కు, ఎక్కు."

దారి పొడుగునా అతను టమాటా ధర పడిపోయిందని తిడుతూనే ఉన్నాడు. ఇంతకన్నా మంచి పరామర్శ నాకు ఎవరూ చెయ్యలేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం రాతిగుండె మనిషి అనుకున్నాను.

ఆ సాయంత్రం నేను వేరే గ్లాసు, వేరే కంచం పెట్టుకుంటానన్నాను. అంటుకునే జబ్బయితే అతనికెందుకు? అతను వినలేదు.

"రెండు గ్లాసులైతే కడిగేదెవురు? పని పెంచద్దు సేటూ."

నేను తాగిన గ్లాసులోనే నీళ్ళు పోసుకుని నా ఎదురుగా తాగాడు.

పెద్ద డాక్టరు వచ్చేదాకా ఎదురుచూసిన ఆ రోజుల్లో నేనెలా తయారయ్యానో తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. మొదట నా నోరు పడిపోయింది. గిరాకీ ధర తగ్గించమంటే, అలవాటుగా చెయ్యి గుండె దాకా వెళ్ళేది. వెళ్ళి, మచ్చ ఉన్న చోటే ఆగేది. "చచ్చినట్టే" అన్న మాట గొంతులో అడ్డం పడేది. సరే, మీరన్నంతకే తీసుకోండి అనేవాణ్ణి. బేరానికి సిద్ధపడి వచ్చినవాళ్ళు బిత్తరపోయేవాళ్ళు. గుడ్డలో ఏదో లోపముందని అనుమానించి కొందరు కొనకుండానే పోయారు.

ఒక శుక్రవారం అబూ హలీఫా ఒడ్డున చేపలవాడు ఏదో ధర చెప్పాడు. నేను మాట్లాడకుండా ఇచ్చేశాను. భాయ్ సంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏం సేటూ! వాడు జెప్పిన రేటుకే ఇచ్చేస్తివే! ఒళ్ళు బాగుండాదా నీకు?"

అన్నాక, ఏమన్నాడో తనకే తట్టింది. మిగతా దారంతా చేప సంచీని ఆ చేతి నుంచి ఈ చేతికి, ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ నడిచాడు.

బేరం పోయింది కదా, దాని చోటికి మంచితనం వచ్చింది. కొలతకి పైన జానెడు గుడ్డ ఎక్కువ వదిలేవాణ్ణి. పక్క దుకాణం వాళ్ళకి నా డబ్బుతో టీ చెప్పించేవాణ్ణి. రేపు నేను లేకపోతే 'ఇక్కడొక మంచివాడుండేవాడే' అని ఎవరైనా అడగాలి, అదీ నా ఆశ. అదే సమయంలో ఎన్నడూ లేనంత అల్పుణ్ణి కూడా అయ్యాను. ఎదురు కొట్టు అమ్మకందారు ఒక పొద్దున నాకు సలాం చెప్పడం మరచిపోయాడు. దాన్ని సాయంత్రం దాకా నమిలాను. నేనెంత తక్కువవాణ్ణి కాకపోతే నన్ను చూడకుండా పోతాడు? చావు భయం మనిషిని పెద్దవాణ్ణి చేస్తుందని ఎక్కడో విన్నాను. నన్ను మాత్రం ఒకే రోజులో దాతనీ చేసింది, అలిగే పిల్లాణ్ణీ చేసింది. రెండింటికీ మూలం ఒకటే. పోయేలోపు నాకొక విలువ ఉందని ఎవరి చేతైనా ఒప్పించుకోవాలి.

ఆ మంచితనం కూడా లోలోపల బేరమేనని దాచుకోవడం దేనికి? దేవుడి ముందు నా సరుకు పరిచి, చూడు ఎంత మేలైన మనిషో, ఇలాంటివాణ్ణి ఇంత తొందరగా తీసుకుపోతావా అని అడుగుతున్నాను. మనుషులతో మానేసిన బేరాన్ని పైవాడితో మొదలుపెట్టానంతే.

మావాళ్ళని దహనం చేసే చోటు ఆ దేశంలో లేదు. పోతే పెట్టెలో విమానమెక్కాలి. ఒకరోజు విమాన టికెట్లు అమ్మే ఆఫీసుకి వెళ్ళి, ఎవరి కోసమో అడుగుతున్నట్టు ఆ సంగతి అడిగాను. అక్కడి మలయాళీ గుమాస్తా, ఛార్జీ తూకం మీద ఉంటుంది, పెట్టె బరువు కూడా కలుస్తుంది అన్నాడు. బతికుండగా నా వెల నోటిని బట్టి, పోయాక తూకాన్ని బట్టి అన్నమాట. ఆ పూట అన్నం సగం వదిలేశాను. భయం వల్లనా, ఖర్చు తగ్గించాలనా అని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

ఇంటికి ఆ రోజుల్లో మాటలు క్యాసెట్టులో నింపి పంపేవాళ్ళం. మా ఆవిడకి నాలుగు మంచి మాటలు చెప్పాలని టేప్‌రికార్డరు ముందు కూర్చున్నాను. బొత్తం నొక్కగానే నోట్లోంచి వచ్చింది: "చింతపండు ధర ఎలా ఉంది? పెదనాన్న పాత సరుకు అంటగడతాడు, రంగు చూసి తీసుకో." చెరిపి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ చింతపండే. చివరికి దాన్నే పంపించాను. మచ్చ సంగతి అందులో లేదు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున దుకాణంలోకి ఒక ముసలావిడ వచ్చింది. కువైట్ ఇంటావిడ. ఒంటి నిండా నల్ల వస్త్రం, చేతి వేళ్ళకి గోరింట, చేతిలో కర్ర. వెనకాలే ఆవిడ ఇంట్లో పనిచేసే అమ్మాయి. ఆ అమ్మాయిది కోనసీమ అని నోరు విప్పగానే తెలిసిపోయింది. ముసలావిడ స్టూలు మీద కూర్చుని తెల్లటి నూలుగుడ్డ అడిగింది. దేనికని అడిగాను, దానిని బట్టి రకం చూపించాలి కదా. "కఫన్" అంది.

కఫన్ అంటే శవానికి చుట్టే గుడ్డ.

"ఇంట్లో ఎవరమ్మా?" అని ఆ అమ్మాయిని తెలుగులో మెల్లిగా అడిగాను.

"ఎవరూ పోలేదండి బాబూ. మామా, అదే మా యజమానురాలండి, ఆవిడకోసమే కొనుక్కుంటందండి. ఈయేడు హజ్జుకెల్తందండి. అక్కడి పుణ్యబావి నీళ్ళల్లో తడిపి, ఆరబెట్టి తెచ్చుకుని పెట్టెలో దాసుకుంటదంటండి. నాకైతే ఒళ్ళు జలదరిస్తందండి. ఆవిడేమో పెళ్ళికెల్తన్నట్టు పొద్దున్నే తయారైపోయారండి."

మా నాన్న కొట్లో ఒక పద్ధతి ఉండేది. పోయినవాళ్ళ కోసం గుడ్డకి ఎవరైనా వస్తే, వాళ్ళు గుమ్మంలో నిలబడ్డ తీరులోనే ఆయనకి తెలిసిపోయేది. గజంబద్ద ముట్టుకునేవాడు కాదు, కత్తెర ముట్టుకునేవాడు కాదు. కోరా గుడ్డ తాను తీసి, చేత్తోనే చించి, మడిచి ఇచ్చేవాడు. ధర చెప్పేవాడు కాదు. వాళ్ళు ఏదో గద్దె మీద పెట్టి పోయేవాళ్ళు, ఆయన అటు చూసేవాడు కాదు. రోజంతా అణా కోసం గొంతు చించుకునే మనిషి ఆ ఒక్క గుడ్డ దగ్గర మూగవాడయ్యేవాడు.

నేనూ అదే చేశాను. తెల్లతాను తీసి, చేత్తో చించి, మడిచి ఆవిడ ముందు పెట్టాను.

"ఎంత?" అందావిడ.

"మీకు తోచింది ఇవ్వండి."

"నేను ధర అడిగాను."

"దీనికి ధర చెప్పనండి."

కర్ర ఒకసారి నేల మీద టక్కుమంది. పనమ్మాయి నా వైపు వంగింది. "సెప్పేయండి బాబూ, ఏదోటి సెప్పేయండి. ఆవిడకి కోపమొత్తంది. ఇంటికెల్లాక నా పేణం తోడేత్తారండి."

నాకు వచ్చిన అరబ్బీ అంతా కూడదీసుకుని వివరించాను. మా దేశంలో మా నాన్నది బట్టల దుకాణం, ఈ గుడ్డకి మా ఇంట్లో ధర చెప్పం, బేరమాడం, అది మర్యాద అని. ఆవిడ పూర్తిగా విన్నది. విన్నాక ఆ పొట్లాన్ని కర్ర కొసతో నా వైపు తోసేసింది.

"మీ నాన్న దగ్గరికి ఆ గుడ్డకోసం ఎవరు వచ్చేవాళ్ళు? చచ్చినవాడా, వాడి కొడుకా?"

"కొడుకే."

"చచ్చినవాడు బేరమాడలేడు. కొడుక్కి ఏడుపే సరిపోతుంది. అందుకని మీ నాన్న ఊరుకున్నాడు, మంచివాడు. నేను నా కాళ్ళ మీద నడిచి వచ్చాను. నీ ఎదురుగా కూర్చున్నాను. నన్ను ఇప్పుడే పూడ్చిపెడతావా? యల్లా, త్వరగా ధర చెప్పు."

భయపడి ఒక ధర చెప్పాను, మరీ తక్కువ. ఆవిడ ఇంకా మండిపడింది.

"నేను బిచ్చమెత్తడానికి వచ్చానా? ఇందులో నేనేం తగ్గించాలి?" అని పనమ్మాయి వైపు తిరిగి ఏదో గొణిగింది.

"ఏమంటున్నారు?" అన్నాను.

"బజారంతటికీ గట్టి బేరగాడని ఎవరో సెప్తే వచ్చిందటండి. ఇతనేనా, లేకపోతే ఇతని తమ్ముడా అనడగతందండి."

ఆ మాటకి నాలో ఏదో కదిలింది. పౌరుషమనండి, మా వంశం రక్తమనండి. గుడ్డ ఒక కొస పట్టుకుని వెలుగులోకి చాచి, నూలు చూడండి, నేత చూడండి అని మొదలుపెట్టి, నాకే సిగ్గేసేంత ధర చెప్పాను. "దొంగా!" అని అరిచింది ముసలావిడ. అరిచి స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. ముఖం వెలిగిపోయింది. ఆవిడ సగానికి సగం చెప్పింది. నేను గుడ్డ మడిచి నిదానంగా అలమరలో పెట్టబోయాను. ఆవిడ లేవబోయింది. నేను టీ తెప్పించాను. ఆవిడ కూర్చుంది. ఈ గుడ్డ కడిగితే ముడుచుకుపోతుందంది. ముడుచుకోదన్నాను. నా కాళ్ళు బయటికి వస్తే నీదే పాపమంది. అయితే ఇంకో జానెడు వేస్తాను, దానికి వేరే ఇవ్వాలన్నాను. పనమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఇదేం బేరమండి బాబూ, నేనెక్కడా సూళ్ళేదు" అంటూ నవ్వుతోందో వణుకుతోందో తెలియకుండా నిలబడింది.

ఆఖరి మెట్టు దగ్గర ఆవిడ ఒక మాట అంది. నేను కళ్ళు పైకెత్తి, గుండె మీద చెయ్యి వేసుకుని, "ఈ ధరకిస్తే నేను చచ్చినట్టే!" అన్నాను.

అని ఆగిపోయాను. నోట్లోంచి వచ్చేసింది. ఎన్నాళ్ళయిందో ఆ మాట అని.

ముసలావిడ నన్ను పరీక్షగా చూసింది. నా ముఖంలో ఏం కనిపించిందో తెలియదు. "నువ్వెందుకు చస్తావు, నేనుండగా?" అంది. "వరసలో నిలబడు."

బేరం కుదిరింది. గుడ్డ తీసుకుని, కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది. ఆవిడ నాకేదో నేర్పడానికి వచ్చిందని నేననను. గుడ్డ కోసం వచ్చింది, చవగ్గా పట్టుకుపోయింది. తన చావుకి కావలసిన సరుకు తానే కొనుక్కుంటూ, ఆ సరుకు దగ్గర కూడా తన మాటే చెల్లాలని పట్టుబట్టిన మనిషిని మాత్రం అంతకు ముందు నేను చూడలేదు. నాకింకా జబ్బని ఎవరూ తేల్చలేదు, అయినా నా తరఫున మాట్లాడటం నేనే మానేశాను. ఆ మధ్యాహ్నం దుకాణం మూసి, తలుపుకి ఆనుకుని కాసేపు అదే ఆలోచించాను.

పెద్ద డాక్టరు వచ్చాడని పిలుపు వచ్చింది. వెళ్ళాను. ఆయన నా ఎక్స్‌రేని దీపం మీద పెట్టి, తీసి, రెండు ముద్రల్లో ఒకటి అందుకోబోయాడు. ఏ ముద్రో చూడాల్సిన పని లేకపోయింది. గిరాకీ చేతిని చూసి కొంటుందో లేదో చెప్పినట్టే, ఆయన చెయ్యి ఎటు వెళుతోందో చూడగానే అది పొమ్మనే ముద్రని తెలిసిపోయింది.

"డాక్టర్, ఇంకొక ఫొటో తీయండి," అన్నాను.

"అవసరం లేదు. స్పష్టంగా ఉంది."

"పక్కనుంచి తీయండి. కఫం పరీక్ష చేయించండి. చిన్నప్పుడు నాకు పెద్ద జ్వరం వచ్చి పక్క పట్టేసింది, నెలలు మంచం మీదున్నాను. ఆనాటి మచ్చేమో చూడండి. అన్నీ చూశాక కూడా ఇదే అయితే నేనే పెట్టె సర్దుకుంటాను."

"ఇది బజారు కాదు," అన్నాడాయన, కొంచెం కోపంగా.

"తెలుసు సార్. బజారైతే మీరు మొదట చెప్పిన దానికి ఇంతసేపు నిలబడేవాణ్ణే కాదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బయట వరస పెరుగుతోంది. నేను కదల్లేదు. చివరికి ఆయన వేరే చీటీ రాసి నా వైపు తోశాడు.

ఎక్స్‌రే మళ్ళీ తీశారు. పొద్దున్నే లేచి కఫం డబ్బాలో పట్టి ఇచ్చాను. కొన్నాళ్ళు గడిచాక అదే డాక్టరు రెండు ఎక్స్‌రేలూ పక్కపక్కన పెట్టి, పాత మచ్చే, ఎప్పుడో మానిపోయింది, జబ్బు లేదు అని ముద్ర వేశాడు. ఆ చిన్న శబ్దం తప్ప ఇంకేమీ జరగలేదు. ఆనందం ముంచుకొస్తుందని ఎదురుచూశాను, రాలేదు. బయట గోడ నీడలో కూర్చుని, ఈసారి తప్పించుకున్న సంగతిని, ఈసారి మాత్రమే తప్పించుకున్న సంగతిని ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

వారం తిరక్కుండానే నా జానెడు గుడ్డలు ఆగిపోయాయి, పక్క దుకాణం టీలు ఆగిపోయాయి. ఆ మంచితనం మళ్ళీ రావాలని ఒకటి రెండుసార్లు ప్రయత్నించాను కూడా. భయం లేకుండా అది నాకు పొసగలేదు.

ఆ రోజు డాక్టరు దగ్గర నుంచి గదికి వచ్చేసరికి భాయ్ పొయ్యి దగ్గర ఉల్లిపాయలు కోస్తున్నాడు. ముద్ర పడిందని చెప్పాను. కత్తి ఆపాడు.

"సావవా అయితే?" అన్నాడు.

"ఇప్పట్లో చావనంట భాయ్."

"మంచి పని జేస్తివి. ఇప్పుడు మా కఫీల్‌కి నేనేం జెప్పల్ల?"

కఫీల్ అంటే అతని యజమాని, పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉండేది. ఆయనకీ దీనికీ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు.

"సెలవు అడిగినా," అన్నాడు ఉల్లిపాయల వైపే చూస్తూ. "నీకేమన్నా అయితే పెట్టెతో పాటు ఒకరు పోవల్ల గదా. ఒంటిగా పంపిస్తామా? మీ ఊరిదాకా పోయి అప్పజెప్పి రావల్లని ముందే అడిగిపెట్టినా. వాడు ఒప్పుకోల్యా. గదిలో ఉండేవోనికి సెలవు ఇయ్యను, అన్నదమ్ములకైతేనే ఇస్తా అన్యాడు. సరే, తమ్ముడే అన్యా."

తన ఊరికి వెళ్ళి నాలుగేళ్ళు దాటిన మనిషి. కూతురు నడక నేర్చిందని క్యాసెట్టులో విన్నవాడే కానీ చూసినవాడు కాదు. మొదటిసారి అడిగిన సెలవు, ముఖం కూడా తెలియని మా ఊరికి, నా పెట్టె కోసం.

నేను గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. ఇన్నాళ్ళూ నా వెల ఎంతో తేల్చుకోవాలని తూకాలు, కొలతలు, సలాములు అన్నీ వెతికాను. ఈ గదిలో ఒక్కసారీ అడగలేదు.

"సెలవు దొరికిందా?" అన్నాను.

"దొరికిండాది. వచ్చే నెలలో."

"అయితే పో భాయ్. మీ ఊరు పో. పాపను చూసి రా."

"నువ్వు సావకుండా ఎట్ల పోయేది? అబద్ధమైపోదా?"

"తమ్ముడు బాగయ్యాడు, ఇంట్లో చెప్పి వస్తానని చెప్పు."

అతను ఆలోచించాడు. కత్తి మళ్ళీ కదిలింది. "జెప్పొచ్చు," అన్నాడు. తర్వాత నవ్వు మొదలై, ఉల్లిపాయల నీళ్ళో మరేవో కళ్ళ నుంచి కారుతుంటే మోచేత్తో తుడుచుకున్నాడు. "తమ్ముడంటే నమ్మల్ల గదా వాడు. నీ పేరు జెప్తే నమ్మడు. అందుకని నీకు మావోళ్ళ పేరు ఒకటి పెట్టినా."

"ఏం పేరు?"

"సచ్చినోనికి పెట్టిన పేరు నీకెందుకు సేటూ? లేసి బియ్యం కడుగు."

మళ్ళీ మళ్ళీ అడిగాను. బతిమాలాను. బేరం పెట్టాను, నెల రోజులు వంట నేనే చేస్తానన్నాను. ఎంతకీ లొంగలేదు. లేచి బియ్యం కడిగాను.